అన్నీ కోసే రంపం

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక ఆడమనిషి గొంతు ఉంది. తలుపు సరిగ్గా వేయకపోతే "కృపయా దర్వాజా బంద్ కరేఁ" అంటుంది. వేసేదాకా అంటూనే ఉంటుంది. ఆమె మర్యాదలో లోపం లేదు. లోపమంతా నాలుగో అంతస్తు వాళ్లలో ఉంది. వాళ్లు లిఫ్టు తలుపు తెరిచే వదిలేసి, తమ ఇంటి తలుపు మాత్రం భద్రంగా గడియ పెట్టుకుంటారు. ఇక ఆ గొంతు మెట్ల పొడుగునా వేడుకుంటూ ఉంటుంది, లిఫ్టు కిందికి రాదు. సొసైటీ మీటింగులో ఈ సంగతి ఎత్తాను. చర్చ కాసేపటికి పార్కింగ్ వైపు మళ్లింది, మళ్లీ వెనక్కి రాలేదు.

ఒక ఆదివారం అట్లాగే మెట్లెక్కుతూ, మధ్యలో ఆగి రొప్పుతున్నప్పుడు బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, కట్టెలు కోసే మిషిన్ ఒకటి సూడు. ఒక్కటే. దాంతోనే అన్నీ అయిపోవాలె."

"అన్నీ అంటే ఏందే బావా?"

"అన్నీ అంటే అన్ని. తుమ్మ, చింత, మామిడి, మొద్దులు, కొమ్మలు. జర మంచిది సూడు. ఇంజనీరువు గద."

ఈ "ఇంజనీరువు గద" అన్న మాట మీద మా వాళ్లు నాతో మిక్సీలు బాగుచేయించారు, ఇన్వర్టర్లు కొనిపించారు, ఒకసారి పెళ్లిసంబంధం కూడా తనిఖీ చేయించారు. సూరత్ పక్కన హజీరాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో నాది మెయింటెనెన్స్ విభాగం. విరగబోయేవి ఎప్పుడు విరుగుతాయో ముందే చెప్పడం నా పని. విరిగాక, ముందే చెప్పాను కదా అని గుర్తుచేయడం మిగతా పని. చెట్లతో నాకు వృత్తిపరమైన పరిచయం లేదు. సరే చూస్తానన్నాను.

బావ అంటే మా అక్క భర్త. పెళ్లికి ముందే సూరత్ వచ్చి మరమగ్గాల షెడ్డులో చేరాడు. తెగిన పోగును కళ్లతో వెతక్కుండా వేలికొసతో పట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూనే ముడి వేసేవాడని ఆ కాలంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత షుగర్ వచ్చింది. వచ్చినట్టు ఆయనకు తెలియలేదు, తెలిశాక ఒప్పుకోలేదు, ఒప్పుకున్నాక వేళ్లు ఒప్పుకోలేదు. పోగు వేళ్ల మధ్య ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చేది. మగ్గం అంతసేపు ఆగదు. షెడ్డు యజమాని షేట్ కూడా ఆగలేదు.

అప్పుడు సూరత్‌లోనే నవాగామ్‌లో తామున్న ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు వేసి, వెనక వాకిట్లో కట్టెల పొయ్యి పెట్టి, బావా అక్కా బిర్యానీ మొదలుపెట్టారు. షిఫ్టు దిగిన మగ్గాల వాళ్లు ఆ వాసన పట్టుకుని వచ్చేవాళ్లు. కట్టెలు కోసి ఇచ్చే డిపోలు ఊళ్లో లేకపోలేదు. కానీ కట్టె కొట్టినవాడే మంట పెట్టాలనీ, లేకపోతే మంట మాట వినదనీ బావ సిద్ధాంతం. దీనికి శాస్త్రీయమైన ఆధారమేదీ నాకు దొరకలేదు. బిర్యానీ మాత్రం బాగుండేది.

ఇంతలో కాళ్లు కూడా చేతుల దారే పట్టాయి. నిరుడు ఒకరోజు పక్కనున్న డిండోలి దాకా నడిచి వెళ్లి వచ్చేసరికి ఒక కాలికే చెప్పు ఉంది. రెండోదేదని అక్క అడిగితే, అది వెనకాలే వస్తున్నట్టు తిరిగి రోడ్డు వైపు చూశాడట. ఆ పేటలో కొత్తగా క్లినిక్ పెట్టిన మన తెలుగు డాక్టర్ ఒకాయన వేళ్లకొసల్ని సూదితో గుచ్చి చూశాడు. నరాలు మొద్దుబారి, చేతులకు గ్లౌజులు, కాళ్లకు మేజోళ్లు తొడుక్కున్నట్టు ఉంటుందనీ, విప్పడానికి మాత్రం వీలుండదనీ వివరించాడు. మందులు రాసిచ్చాడు. నిప్పుకూ పదునుకూ దూరంగా ఉండమన్నాడు. బావ సంపాదనంతా ఆ రెండింటి మధ్యనే ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఫోన్ వచ్చిన మరుసటి ఆదివారం నవాగామ్ వెళ్లాను. వాకిట్లో నీళ్ల డ్రమ్ముకు నిలువునా ఒక చీలిక, దానిలో కుక్కిన గుడ్డ. గొడ్డలి కనబడలేదు.

"గొడ్డలేది బావా?"

"మీ అక్క దాసిపెట్టింది."

"ఎందుకు దాసిన్నో గూడ చెప్పు," అంది అక్క లోపలి నుంచి. "చేతిలకెళ్లి జారి ఎగిరిపోయింది తమ్మీ. పట్టుకున్ననా ఇడిచిపెట్టిన్నా అన్నది గూడ ఈయనకు తెల్వలే. ఉత్త చేతులే కిందికి దించిండు, కట్టె ఎందుకు పలగలేదని సూస్తుండు."

గొడ్డలి డ్రమ్ముకు తగిలింది. డ్రమ్ము పక్కన ఆ సమయానికి ఎవరూ లేరు. కాసేపటి క్రితం దాకా మా మేనకోడలు అక్కడే బట్టలు ఉతికింది. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న సందు గురించి మా ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

"అందుకే మిషిన్ అంటున్న," అన్నాడు బావ. "గొడ్డలంటే ఊపాలె, ఊపితే జారుతది. మిషిన్ ఊపుడుండదు. రెండు చేతుల పట్టుకొని కట్టె మీద పెట్టుడే."

వాదనలో తప్పు లేదు. నేనైనా రిపోర్టులో అట్లాగే రాసేవాణ్ని.

మేనకోడలు కాలేజీ బ్యాగు సర్దుకుంటూ, "గ్యాస్ పే కర్‌లో న పప్పా, ఖామోఖా ఈ కట్టెల టెన్షన్ ఎందుకు?" అంది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఒక భాషలో మొదలుపెట్టిన వాక్యాన్ని అదే భాషలో ముగించాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ కనబడలేదు.

"గ్యాస్ బిర్యానీ మీ కాలేజీ క్యాంటీన్‌ల ఉంటది గద బిడ్డా. దానికోసం ఎవడన్న షిఫ్టు దిగి ఉరికొస్తుండా?"

"అరె, కోయి ఉరకడు. ఆరామ్‌సే నడిచి వస్తరు."

"గదే మరి."

ఆమె వెళ్లిపోయాక బావ ఆరిన పొయ్యి వైపు తిరిగాడు. తర్వాత, అక్కకు వినబడకుండా అనుకుంటాను, గొంతు తగ్గించి అన్నాడు: "మగ్గం పోయింది. పోనీ అనుకున్న. ఈ పొయ్యి గూడ పోతే పొద్దున లేసి నేనేం జెయ్యాలె బామ్మర్దీ? టీవీ ముంగట కూసోవాల్నా?"

మిషన్ చూస్తానన్నాను.

వీధి మలుపు దాకా సాగనంపే నెపంతో అక్క నా వెంట వచ్చింది.

"తమ్మీ, దొరుకుతలేదని చెప్పు."

"నమ్మడే. బజార్ల నిండా ఉన్నయి."

"ఉంటే ఆయన లేపలేనిది తే. ఇంత బరువుండాలె. ముట్టంగనే ఇడిచిపెట్టాలె."

"లేపలేనిదైతే లేపేదాకా ఊకుంటడా? ఇంకా పెద్ద ప్రమాదం."

"అయితే నువ్వు చదివి ఏం లాభం?" అని కొంగుతో ముఖం తుడుచుకుని, "రోజూ పొయ్యి కాడ నిలవడి ఆయన చేతులే సూస్తున్న. నా కూర మాడుతుంది గని ఆయన చెయ్యి మాడకుండ సూస్తున్న. ఎన్నొద్దులు సూడాలె?" అంది.

అంటే నాకు రెండు స్పెసిఫికేషన్లు వచ్చాయి. ఒకటి అన్నీ కోయాలి. రెండోది ఏదీ కోయకూడదు. ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగం వాళ్లు కూడా ఇట్లాంటివే పంపుతుంటారు కాబట్టి అలవాటు కొద్దీ పనిలోకి దిగాను.

సాయంత్రాలు వీడియోలు చూశాను. చలిదేశాల్లో గడ్డాలవాళ్లు, చుట్టూ మంచు, ఒక్క దెబ్బకు ఒరిగిపోయే మహావృక్షాలు. నవాగామ్ వెనక వాకిలి వాటిలో ఎక్కడా లేదు. కరెంటు రంపం తేలిక, పొగ ఉండదు. కానీ దాని వైరు వంటగది ప్లగ్గు నుంచి బయల్దేరి, కుళాయి కింది తడిలోంచి, అన్నం వండే పెద్ద గంజు పక్కనుంచి రావాలి. తన వైరును తానే కోసుకునే సౌకర్యం కూడా అందులో ఉంది. బ్యాటరీది నిశ్శబ్దంగా, ముచ్చటగా ఉంది. కొమ్మలకు సరే. చింతమొద్దు సగంలోకి వచ్చేసరికి ఛార్జింగ్ అడుగుతుంది. బ్యాటరీని నిప్పు పక్కన పెట్టుకోవడం కూడా నాకు నచ్చలేదు. అట్లా తీసేస్తూ పోతే పెట్రోల్ రంపం మిగిలింది. మోత, పొగ, పెట్రోల్‌లో ఆయిల్ కలిపే గొడవ అన్నీ ఉన్నాయి. కానీ తుమ్మ అయినా చింత అయినా ఆగదు.

ఆ తర్వాత బ్లేడు పొడవు. పొట్టిదైతే మొద్దుకు అటూ ఇటూ రెండుసార్లు పెట్టాలి, పెట్టిన ప్రతిసారీ ప్రమాదం. మరీ పొడుగుదైతే దాని కొస ఎక్కడుందో పట్టుకున్నవాడికి గుర్తుండదు. కొస దేనికైనా తగిలితే రంపం ఎగిరి మనిషి ముఖం మీదికి వస్తుంది. మధ్యరకం అనుకున్నాను. ఎగిరిన క్షణంలో, బ్లేడు చుట్టూ తిరిగే పళ్ల గొలుసును ఆపేసే బ్రేకు ఉండాలి. ఎడమచేతి ముందు అడ్డుపలక ఉండాలి. గొలుసు తెగితే కుడిచేతికి తగలకుండా పట్టే కొక్కెం ఉండాలి. అదురు తగ్గించే రబ్బర్లు ఉన్నది తీసుకుంటే చేతి నరాలకు మంచిదని రాశారు. బావ విషయంలో ఆ జాగ్రత్త కొంచెం ఆలస్యమైంది, అయినా అదీ ఉన్నదే చూశాను. పళ్లు మనిషిని ఎన్ని రకాలుగా అందుకోగలవో అన్నీ ఆలోచించాను. నా ఉద్యోగంలో కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ పనిచేయలేదు.

కొనడానికి వరాఛా వెళ్లాను. వజ్రాలు కోసే పేటలో కట్టెలు కోసే రంపం అడగడం కొంచెం నామోషీగానే ఉంది. హార్డ్‌వేర్ దుకాణం పెద్దాయన కళ్లద్దాల పైనుంచి చూసి, "క్యా కాట్నా హై సాబ్?" అన్నాడు.

"సబ్ కుఛ్."

"సబ్ కుఛ్ కాట్‌నేవాలా తో ఊపర్‌వాలా హై. మషీన్ మేఁ అభీ ఆయా నహీఁ." అన్నీ కోసేది పైవాడొక్కడే, మిషన్లలో అట్లాంటిది ఇంకా రాలేదని ఆయన భావం. తర్వాత ఎవరు నడుపుతారని అడిగాడు. మా బావ అన్నాను. చేతుల్లో బలముందా అన్నాడు. బలానికేమీ కొదవ లేదన్నాను. అది నిజమే.

నేను ముందే అనుకున్న రంపాన్నే ఆయనా బల్లమీద పెట్టాడు. దాంతోపాటు కళ్లకు అద్దాలు, చెవులకు మూతలు, మందపాటి తోలు గ్లౌజులు తీసుకున్నాను. తోలు చాలా మంచిదనీ, నిప్పును కూడా ఆపుతుందనీ పెద్దాయన చెప్పాడు. విన్నాను.

దసరా నాడు మిషన్‌కు పూజ. మగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్లు ఏ కొత్త యంత్రాన్నయినా ఉత్తగా స్టార్ట్ చేయరు. ఆ ఉదయం వాకిట్లో పీట వేసి, రంపాన్ని పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, బ్లేడుకు బంతిపూల దండ చుట్టారు. బ్లేడుకు చుట్టిన దండ ఏమవుతుందో నేను చెప్పాక తీసి హ్యాండిల్‌కు కట్టారు. బావతో షెడ్డులో పనిచేసిన ముసలివాళ్లు కొందరు వచ్చి గోడవారగా కూర్చున్నారు. పొయ్యి మీద గంజులో ఎసరు కాగుతోంది, అక్క లోపల మసాలా నూరుతోంది.

గ్లౌజుల దగ్గర పేచీ వచ్చింది.

"బొట్టు పెట్టిన మిషిన్‌ను తోలుతోని ముట్టాల్నా?" అన్నాడు బావ. షెడ్డుల్లో మగ్గం దగ్గరికి తోలు చెప్పులతో పోరు. అది నాకూ తెలుసు.

"తొడుక్కోకపోతే పెట్రోల్ పొయ్య," అన్నాను.

గోడవారగా కూర్చున్న ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు. "కోసేటప్పుడు తొడుక్కో. మొక్కేటప్పుడు తీసెయ్. పని వేరు, మొక్కుడు వేరు."

అందరికీ న్యాయంగా తోచింది. నాకూ తోచింది.

కొబ్బరికాయ కొట్టారు. నేను బ్రేకు వేసి చూపించాను, తాడు ఎట్లా లాగాలో చూపించాను. బావ గ్లౌజులు తొడుక్కున్నాడు, అద్దాలు పెట్టుకున్నాడు. రెండోసారి తాడు లాగేసరికే ఇంజను అందుకుంది. వీధి మొత్తం దద్దరిల్లింది. చింతమొద్దు మీద పెట్టాడు. చేతులు గట్టిగా, నిలకడగా ఉన్నాయి. వేళ్లు ఎక్కడున్నాయో ఒకసారి కళ్లతో చూసుకుని, ఇక ఆ తర్వాత కట్టెనే చూశాడు. పొట్టు ఎర్రగా వాకిలంతా చిమ్మింది. ముక్క తెగి పడింది. ముసలివాళ్లు ఈలలు వేశారు. ఇంకో ముక్క, ఇంకోటి. మొద్దు మొత్తం అయిపోయాక కొమ్మలు, ఆ తర్వాత తుమ్మ. అన్నీ కోసింది. అక్క గుమ్మంలోకి వచ్చి, చేతులు రెండూ ఉన్నాయని చూసుకుని, లోపలికి పోయింది.

బావ మిషన్ ఆపి కింద పెట్టాడు. చెమట కారుతోంది. ఆయన ముఖంలో అంత సంతోషం నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

"ఏమంటర్‌రా?" అన్నాడు గోడవారగా ఉన్నవాళ్లతో.

"ఏమంటం? ఇగ మా ఇంట్ల మంచం గూడ తెస్తం, కోసియ్యి."

"మంచమెందుకు, మీ ఓనర్‌ను తే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బావ నవ్వుతూనే గ్లౌజులు ఒకదాని తర్వాత ఒకటి ఊడదీసి పీట పక్కన పెట్టాడు. వంగి, మిషన్ మీద కుడి అరచెయ్యి ఆనించాడు.

మగ్గం నడిపినవాళ్లకు అదొక అలవాటు. మగ్గం ఆపగానే మోటారు మీద అరచెయ్యి వేస్తారు. చెయ్యి భరించగలిగితే మోటారు బాగున్నట్టు, చురుక్కుమంటే లోపల ఏదో అరుగుతున్నట్టు. చెయ్యి జవాబు చెప్పేదాకా ఉంచి, తర్వాత కళ్లకద్దుకుంటారు. మొక్కూ తనిఖీ ఒకేసారి అయిపోతాయి. బావ చెయ్యి వేసిన చోటు, ఇంజను పొగ వదిలే సైలెన్సర్. అది రంపానికి ముందువైపు, చిన్న జల్లెడమూత కింద ఉంటుంది. పళ్లకు చాలా దూరంగా ఉంటుంది.

ఆయన జవాబు కోసం చూశాడు. చెయ్యి ఏమీ చెప్పలేదు. ఇంకాస్త ఆగాడు.

"సల్లగున్నది," అన్నాడు నా వైపు తిరిగి, మెచ్చుకుంటూ. "మంచి మిషిన్ తెచ్చినవ్ బామ్మర్దీ. ఇంతసేపు నడిచినా సల్లగనే ఉన్నది."

అది చల్లగా ఉండే అవకాశం లేదు. ఈ ముక్క నా బుర్రలో తయారై కాళ్లకు చేరేలోపు లోపలినుంచి అక్క కేక వేసింది.

"ఏందో మాడుతుంది, ఆ గంజు సూడుండ్రి!"

ముసలివాళ్లు లేచి గంజులోకి తొంగిచూశారు. ఒకాయన గరిటెతో అడుగు కలిపి, "ఏం మాడుతలేదే, ఉత్త నీళ్లే," అన్నాడు. బావ కూడా అటే చూశాడు, చెయ్యి తీయకుండా. "మసాలా ఏమో సూడే," అన్నాడు అక్కతో.

నేను ఆయన మణికట్టు పట్టి లాగాను. వెంటనే రాలేదు. కొంచెం అతుక్కుంది.

మేనకోడలు కుళాయి విప్పింది. "పప్పా, హాథ్ ఇటు... అరె ఇటు పెట్టు, పానీ కింద!" అని ఏడుస్తూ ఆయన చేతిని నీళ్లకింద పట్టుకుంది. జల్లెడమూత మీది గీతలు అరచేతిలో వరసగా అచ్చు పడ్డాయి, ఉన్న రేఖలకు అడ్డంగా. తెల్లగా ఉన్నాయి. ఎర్రగా ఉంటే కొంత నయమని ఎక్కడో చదివాను. బావ తన చేతిని, ఎవరో దాచుకొమ్మని ఇచ్చిన వస్తువులా, అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. ముఖంలో నొప్పి జాడ లేదు. నొప్పి కోసం వెతుకుతున్నట్టు మాత్రం ఉంది.

"నొస్తలేదు," అన్నాడు మాకు ధైర్యం చెప్పడానికి. "ఏం కాలే. నొస్తనే లేదు."

గోడవారగా ఎవరూ కూర్చుని లేరు. అందరూ నిలబడ్డారు, ఎక్కడ చూడాలో తెలియక పొయ్యి వైపు చూస్తున్నారు. తీర్పు చెప్పిన పెద్దాయన గ్లౌజులను తీసి, దులిపి, మళ్లీ అక్కడే పెట్టాడు. నేను ఆ డాక్టర్‌కు ఫోన్ చేశాను. పండుగే అయినా క్లినిక్‌కు వస్తానన్నాడు, చేతిని నీళ్లలోనే ఉంచమన్నాడు. ఉంచాము.

"బామ్మర్దీ, మిషిన్‌కేం కాలే గద?" అన్నాడు బావ.

ఏమీ కాలేదన్నాను.

అక్క వాకిట్లోకి వచ్చింది. చేతికి మసాలా అంటి ఉంది. కుళాయి దగ్గరికి వచ్చి ఆయన అరచేతిని చూసింది. నా వైపు చూడలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి, ఇప్పుడే కోసిన చింతకట్టె ఒకటి తీసుకుని మంటలో పెట్టింది. బియ్యం ఎసట్లో పోసి, గరిటె అందుకుని, అటు తిరిగే అంది:

"ఇగ నువ్వు పొయ్యి కాడికి రాకు. నువ్వు కాలిపోయినా నీకు తెల్వది. మాకే తెలుస్తది."